చాలంటే ఆగే చెయ్యి



సంక్రాంతి దగ్గర పడింది. కోస్తా ఊళ్లలో అరిసెలకు కొత్త బియ్యం నానబోస్తున్నారు. కరీంనగర్, వరంగల్ వైపు సకినాల పిండిలో నువ్వులూ వామూ కలుపుతున్నారు. హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఊళ్లకు వచ్చే రైళ్లలో చోటు ఎప్పుడో అయిపోయింది. భోగి మొదలు ముక్కనుమ దాకా ఇంటింటా పొయ్యి ఆరదు. ఈ నాలుగు రోజుల్లోనూ, ఆ వెనకే వచ్చే మాఘమాసపు పెళ్లిళ్లలోనూ ఒంటికి పట్టేంతే తిని సంతోషంగా ఉండటం ఎలాగన్నది ఇవాళ్టి విషయం.

నేను వైద్యురాలిని. పండగ వెళ్లిన వారంలో మా దగ్గరికి వచ్చేవాళ్ల బాధలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. ఛాతీలో మంట, కడుపుబ్బరం, రాత్రి నిద్ర పట్టకపోవడం, అదుపు తప్పిన షుగరు. ఎందుకిలా జరిగిందని అడిగితే, తినాలనిపించి తిన్నానని చెప్పేవాళ్లు తక్కువ. ‘వద్దన్నా వదిన వినలేదండీ’, ‘తినకపోతే మేనత్త నొచ్చుకుంటుంది’, ‘వియ్యాలవారి ఇల్లు కదా, కాదంటే ఏం బాగుంటుంది’... ఎక్కువగా వినిపించేవి ఈ మాటలే. మన విందుల్లో మితిమీరి తినడం జిహ్వచాపల్యం కంటే మొహమాటం వల్లే ఎక్కువగా జరుగుతుందని నాకు గట్టి నమ్మకం. ఏటా ఈ రోజుల్లో వైద్యులం ‘తగ్గించి తినండి’ అని తినేవాళ్లకే చెబుతుంటాం. గరిటె పట్టుకున్నవాళ్లకు ఏమీ చెప్పం. ఆకులోకి ఎంత వచ్చిపడుతుందో చాలాసార్లు ఆ గరిటె చేతిలోనే ఉంటుంది. అందుకని ఇవాళ సగం మాటలు తినేవాళ్లకు, సగం పెట్టేవాళ్లకు.

పెట్టేవాళ్ల తరఫున ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. కొసరి కొసరి వడ్డించే అలవాటు గొప్పలకు పుట్టింది కాదు. దాని వెనక ఆకలి ఉంది. 1832, 33లలో గుంటూరు సీమను తుడిచిపెట్టిన కరువును పెద్దలు నందన కరువని తలుచుకునేవారు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని మాడ్చిన కరువులో రాయలసీమ ఎంతగానో నలిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే గోదావరి డెల్టాలో తిండికి ఒక నిలకడ వచ్చింది. ఆ డెల్టాలోనే, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ తలుపు తట్టిన బాటసారికి కూడా పొయ్యి రాజేసి వండిపెట్టారు. ఆవిడ 1909లో కన్నుమూశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టుకున్నాం. ఇక మెట్ట ప్రాంతాల సంగతి మీకు తెలుసు. తెలంగాణ పల్లెల్లో గటక, జొన్నరొట్టె, రాయలసీమలో సంగటి రోజువారీ తిండి. వరన్నమంటే పండగ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక గానీ చాలా పేద ఇళ్లలో అది రోజూ ఉడకలేదు. కడుపు నిండా పెట్టడాన్ని మించిన ప్రేమ లేదని నమ్మినవాళ్లు మనల్ని పెంచారు. ఆ చేతిని తప్పుపట్టాలని నాకు లేదు.

మారింది మన బతుకు తీరు. కోతలు, కుప్పలు, నూర్పుళ్లు అన్నీ ముగించి, నెలల తరబడి ఒళ్లు వంచిన మనిషికి కనుమనాడు మినుము తినాలని పెద్దలు చెప్పారంటే అందులో న్యాయముంది. గారెలు, కోడికూర ఆ ఒంటికి ఇట్టే పట్టేవి. ఇప్పుడు ఆ గారెలు తినే మనిషి నిన్నటిదాకా కుర్చీలో కూర్చుని పనిచేసి, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. పైగా తీపీ, వేపుడూ అతనికి ఏడాదికోసారి దొరికేవి కావు. వారంవారం ఎవరిదో ఒకరి పుట్టినరోజు, ఆఫీసులో ఏదో ఒక స్వీటు డబ్బా ఉండనే ఉంటాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దానికి ముందు దశలో ఉన్నారు. అంటే మీ ఇంటి బంతిలో పెద్దవాళ్లు పదిమంది కూర్చుంటే, వాళ్లలో ఇద్దరు ముగ్గురికి షుగరో, దాని ముందు దశో ఉందనుకుని వడ్డించడమే మంచిది. ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు కూడా. మన భారతీయుల ఒంట్లో ఇంకో చిక్కుంది. పైకి సన్నగా కనిపించే మనిషికి కూడా నడుం దగ్గర, లోపలి అవయవాల చుట్టూ కొవ్వు పేరుతుంది. అందుకే యూరపువాళ్లకు బీఎంఐ 25 దాటితే అధిక బరువంటే, మనకు 23కే జాగ్రత్త పడమంటారు. ‘వాడికేం, బక్కపలచగా ఉన్నాడు, ఇంకో రెండు వెయ్యి’ అనే మాట వైద్యం ప్రకారం సరైంది కాదు.

ఇప్పుడు కడుపులో ఏం జరుగుతుందో కాస్త చూద్దాం. అన్నం లోపలికి వెళుతుంటే జీర్ణాశయం గోడ సాగుతుంది. ఆ సాగుదలను వేగస్ అనే నరం మెదడుకు చెబుతుంది. ఆహారం పేగుల్లోకి దిగాక అక్కణ్నుంచి కొన్ని హార్మోన్లు బయలుదేరి ‘ఇక చాలు’ అనే కబురును బలపరుస్తాయి. ఈ వ్యవహారమంతా పూర్తయ్యేందుకు సుమారు 20 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో ఆకు ఖాళీ చేసినవాడికి ఆ కబురు భోజనం ముగిశాకే చేరుతుంది. అప్పటికి అతను తినవలసిన దానికంటే చాలా ఎక్కువే తినేసి ఉంటాడు. విందు తర్వాత అరగంటకు వచ్చే ఆయాసం అదే. మన ప్రాచీన వైద్యులు హార్మోన్ల పేర్లు ఎరక్కపోయినా ఈ సంగతి ఎరుగుదురు. చరక సంహిత విమానస్థానంలో రెండో అధ్యాయం మొదలయ్యేదే కడుపును మూడు భాగాలుగా చూడటంతో. ఒక భాగం గట్టి ఆహారానికి, ఒకటి ద్రవాలకు, మూడోది వాతపిత్తకఫాలు మసలడానికి. వాగ్భటుడు నాలుగు భాగాలు చేసి, ఒక భాగం ఖాళీగా ఉంచమన్నాడు. ఎలా లెక్కవేసినా, కంఠం దాకా తినమని ఎవరూ చెప్పలేదు.

రకాల సంఖ్య గురించి కాస్త ఎక్కువ సేపు మాట్లాడాలి, ఎందుకంటే మన విందుల్లో అసలు ఇబ్బంది అక్కడుంది. 1981లో బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఇంగ్లండులో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఒకే రకం శాండ్‌విచ్‌లు ఇచ్చారు. మరోసారి లోపల నాలుగు రకాల పదార్థాలు పెట్టినవి ఇచ్చారు. నాలుగు రకాలున్నప్పుడు మూడో వంతు ఎక్కువ తిన్నారు. కారణం సులువైనదే. ఒక రుచి తింటూ పోతే దాని మీద మోజు తగ్గుతుంది. కొత్త రుచి ఎదుటికి రాగానే మళ్లీ మొదలవుతుంది. పప్పన్నంతో కడుపు నిండినవాడు పులిహోర రాగానే చెయ్యి చాపేది ఇందుకే. పులిహోరతో చాలనుకున్నవాడికి పూర్ణం బూరె కనబడితే చోటు దొరుకుతుంది. ఇది మనిషి బలహీనత కాదు. రకరకాల పోషకాలు ఒంటికి అందాలని ప్రకృతి చేసుకున్న ఏర్పాటు. అయితే ఆ ఏర్పాటు అడవిలో దుంపా పండూ వెతుక్కునే మనిషికి పనికొచ్చింది. 365 రకాల ముందు కూర్చున్న కొత్త అల్లుడికి పనికిరాదు.

365 అన్నది మాటవరసకు అన్న అంకె కాదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి సరిగ్గా అన్ని రకాలు వడ్డించింది. దేశమంతా పత్రికల్లో చదివింది. అప్పటినుంచి ఏటా గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఇంట ఈ ముచ్చట జరుగుతూనే ఉంది, ఫోటోలు తిరుగుతూనే ఉన్నాయి. గోదావరివాళ్ల మర్యాద గురించి నాకు చాలా గౌరవం. ఆ వంటల వెనక ఎందరి శ్రమ ఉంటుందో కూడా తెలుసు. అయితే ఆ కుర్రవాడి వైపునుంచి ఒకసారి చూడండి. అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది. బావమరుదులు చుట్టూ చేరారు. సెల్‌ఫోన్లు తెరిచి ఉన్నాయి. ఒక్కో గిన్నెలోంచి చిటికెడు రుచి చూసినా అది రెండు పూటల భోజనం. ‘నాకు గారెలు, కోడికూర, కాస్త పెరుగన్నం చాలు’ అని ఆ కుర్రవాడు ఎలా అనగలడు? పెళ్లైన కొత్తలో అత్తవారింట తిన్న తిండి పండగ వెళ్లాక నెలరోజులైనా ఒంటిని వదలలేదని చెప్పిన యువకులు నాకు తెలుసు. అల్లుడికి ఇష్టమైనవేవో ముందే కూతుర్ని అడిగి తెలుసుకుని, వాటినే బాగా చేసి, మిగతా రోజులకు మిగతావి అట్టేపెడితే మర్యాద తగ్గదు. నాలుగు రోజుల్లో నాలుగు రుచులు గుర్తుంటాయి. ఒక్క పూటలో పెట్టిన వందలో ఏ ఒక్కటీ గుర్తుండదు.

నలుగురితో కూర్చుంటే ఎక్కువ తినడం కూడా పరిశోధకులు గమనించిన విషయమే. ఒంటరి భోజనం కంటే స్నేహితులతో, చుట్టాలతో చేసే భోజనం ఎక్కువసేపు సాగుతుంది, ఎక్కువ లోపలికి వెళుతుంది. అందుకని ఒంటరిగా తినమని నేను చెప్పను. పండగంటేనే కలిసి తినడం. కబుర్లు సాగుతున్నంతసేపూ ఎదురుగా జంతికల పళ్లెం ఉండకుండా చూసుకుంటే చాలు.

ఇక బంతి భోజనం గురించి. నాకు దాని మీద మమకారముంది. అది పాతకాలపు ముచ్చట అనుకుని వదిలేశాం గానీ, అందులో తిండికి కళ్లెం వేసే ఏర్పాట్లు చాలా ఉన్నాయి. ఆకు ముందు అందరూ కలిసి కూర్చుంటారు. అన్నీ వడ్డించేదాకా ఆగుతారు. పప్పూ నెయ్యీ, కూర, పచ్చడి, పులుసు, చారు, ఇలా ఒక వరస ఉంటుంది. వడ్డించేవాళ్లు చివరిదాకా వెళ్లి తిరిగివచ్చే లోపల కాస్త వ్యవధి దొరుకుతుంది. ఇందాక చెప్పిన ఆ 20 నిమిషాలు అక్కడ వాటంతటవే గడుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, పెరుగు వచ్చిందంటే భోజనం ముగిసినట్టే. ఆకు మడిచాక మళ్లీ వడ్డించరు. ఆ తర్వాత తాంబూలం. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అన్నది కొత్తగా వచ్చిన పిల్లవాడికి కూడా తెలిసేది.

బఫేలో ఆ ముగింపు లేదు. గుమ్మంలోనే రంగురంగుల చల్లని పానీయం చేతికిస్తారు. కూర్చోగానే ట్రేలలో స్టార్టర్లు తిరుగుతుంటాయి. మాటల్లో ఉండి ఎన్ని తీసుకున్నామో ఎవరూ చూసుకోరు. తర్వాత చాట్, దోసెలు, నూడుల్స్ కౌంటర్లు. అసలు భోజనం ఇవన్నీ అయ్యాక. చివర్లో ఐస్‌క్రీమూ, వేడి జిలేబీ, కిళ్లీ. హైదరాబాదు దావతుల్లో బిర్యానీ బల్ల మీదికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. డబుల్ కా మీఠా తిని ఇంటికి చేరి పడుకునేసరికి ఒంటిగంట. నిలబడి, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, అటూ ఇటూ చూస్తూ తినే తిండి ఎంతైందో మెదడుకు లెక్క అందదు.

బఫేకి వెళ్లక తప్పదు కాబట్టి నాకు తెలిసిన మార్గం చెబుతాను. పళ్లెం పట్టుకోకముందు ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరిగి రండి. ఏమేమున్నాయో చూడండి. ఆ ఇంటివాళ్లు మనసుపడి చేయించినదేదో ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులో, గోంగూర మాంసమో, ఊరినుంచి తెప్పించిన వంటమనిషి చేతి ఉలవచారో. మీ ఆకలిని దానికోసం దాచుకోండి. ఇంట్లో రోజూ దొరికే తెల్లన్నానికీ, ఏ హోటల్లోనైనా దొరికే నూడుల్స్‌కీ దాన్ని ఖర్చు పెట్టకండి. ముందు కూరలూ పప్పూ మాంసమూ తిని, అన్నం తర్వాత తింటే రక్తంలో షుగరు ఒక్కసారిగా పైకి లేవదు. ఆకులో ముందుగా తీపి వడ్డించడం మన ఆచారం. వడ్డించనివ్వండి. కొద్దిగా నోట్లో వేసుకుని, తక్కినది చివరికి ఉంచుకోవచ్చు. కుర్చీ దొరికితే తప్పకుండా కూర్చుని తినండి. రెండోసారి లేవాలనిపిస్తే పక్కవాళ్లతో కాసేపు మాట్లాడి, అప్పటికీ ఆకలనిపిస్తేనే లేవండి.

విందు ఉంది కదా అని పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకునేవాళ్లున్నారు. లంఖణం పరమౌషధం అనే మాట జబ్బుపడినవాడి కోసం చెప్పింది. విందుకు ముందు చేసే లంఖణం వల్ల ఆకలిని రేపే హార్మోను బాగా పెరిగి, మొదటి పది నిమిషాల్లోనే అదుపు తప్పుతుంది. మధ్యాహ్నం మామూలుగా తిని, బయలుదేరే ముందు ఒక గ్లాసు మజ్జిగో, గుప్పెడు వేరుశనగలో, ఒక జామకాయో తిని వెళ్లడం మంచిది. షుగరుకు ఇన్సులిన్‌ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లు కడుపు మాడ్చుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. ఇంకో రెండు అలవాట్లు నన్ను ఎక్కువ భయపెడతాయి. ఇవాళ స్వీట్లు తింటాను కదా అని సొంతంగా రెండు మాత్రలు వేసుకునేవాళ్లు, పండగపూట మందులేంటని అసలే మానేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఈ రెండూ చేయకండి. మార్పు కావాలంటే పండగకు ముందే మీ వైద్యుణ్ని అడగండి.

తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిస్తే రక్తంలో షుగరు పెరుగుదల తగ్గుతుంది. సంక్రాంతికి ఊరంతా ముగ్గులు ఉంటాయి, చూసిరండి. తినగానే పడుకుంటే ఛాతీలో మంట ఖాయం. రెండు, మూడు గంటల ఎడం ఉండాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు బరువైన భోజనం తర్వాతి గంటలు మంచివి కావు. అలాంటివాళ్లు ఛాతీలో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, చల్లని చెమటలు వస్తే అజీర్తి అనుకుని సోడా తాగి కూర్చోకూడదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దసరాకో, కనుమకో మద్యం ఎక్కువైన ఇళ్లకు ఒక మాట. 1978లో ఫిలిప్ ఎటింగర్ అనే అమెరికా వైద్యుడు, సెలవు రోజుల్లో అతిగా తాగి గుండె లయ తప్పి వచ్చిన రోగులను గమనించి దానికి హాలిడే హార్ట్ అని పేరు పెట్టారు. వాళ్లలో అంతకుముందు గుండెజబ్బు ఛాయలే లేనివాళ్లున్నారు.

పిండివంటల లెక్క కూడా చూద్దాం. ఓ మోస్తరు అరిసెలో బియ్యప్పిండి, బెల్లం, పీల్చుకున్న నూనె లేదా నెయ్యి కలిపి సుమారు 160 కేలరీలు ఉంటాయి. నెయ్యి రాసిన బొబ్బట్టు 200 దాటుతుంది. రెండు అరిసెలు, ఒక బొబ్బట్టు తింటే 500 పైమాటే. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజు మొత్తానికి కావలసింది 1660 అని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే మూడో వంతు ఆ మూడింటిలోనే వచ్చేసింది. బెల్లంతో చేసినవి కదా, ఫర్వాలేదంటారు చాలామంది. షుగరు ఉన్నవాళ్ల విషయంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బెల్లంలో కాస్త ఇనుమూ ఖనిజాలూ ఉంటే ఉండొచ్చు, షుగరును మాత్రం రెండూ అదే తీరున పెంచుతాయి. 

అయితే పండగనాడు తిన్న రెండు అరిసెల గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఆ తర్వాతి రోజుల గురించి ఉంది. అరిసెలు, సున్నుండలు, జంతికలు, చేగోడీలు, సకినాలు డబ్బాల్లోకి ఎక్కుతాయి. ఫిబ్రవరి దాకా ఆ డబ్బాలు చేతికందే ఎత్తులో ఉంటాయి. టీతో రెండు, టీవీ ముందు నాలుగు, రాత్రి భోజనమయ్యాక ఒకటి. దీన్ని ఎవరూ విందుగా లెక్కపెట్టరు. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2000 సంవత్సరంలో వెలువడింది. 195 మంది పెద్దవాళ్లను నవంబరు నడుమ నుంచి జనవరి మొదటి రోజుల వరకు, అంటే వాళ్ల థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులంతా తూచారు. సగటున పెరిగింది 0.37 కిలో మాత్రమే. అరకిలో కూడా కాదు. విషయం అది కాదు. ఆ తర్వాత వసంతమూ వేసవీ గడిచినా ఆ బరువు తగ్గలేదు. ఏటా అలా చేరుతూ పోతే ఇరవై ఏళ్లకు ఎంతవుతుందో మీరే చూసుకోండి. అక్కడి మన తెలుగు కుటుంబాలకైతే ఆ పండగలన్నిటి వెనకా మళ్లీ సంక్రాంతి పాట్‌లక్ ఉంటుంది. ఇంటికో వంటకం చొప్పున నలభై రకాలు ఒకే బల్ల మీద చేరతాయి.

మన పెద్దవాళ్లు పిండివంటలు ఇంతకంటే ఎక్కువే చేసేవారు. అవి ఇంట్లో ఉండేవి కావు. చాకలికీ, మంగలికీ, పాలేళ్లకూ, ఇరుగుపొరుగుకూ పళ్లేలలో వెళ్లిపోయేవి. కూతురి వెంట సారెగా వెళ్లినవి అక్కడ ఊరంతా పంచేవారు. ఇంట్లో పిల్లలకు మిగిలేవి కొద్దే. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురు, డబ్బాలు మాత్రం పాత లెక్కనే నిండుతున్నాయి. పంచడం మళ్లీ మొదలుపెట్టవచ్చు. అపార్టుమెంటులో కాపలాదారు కుటుంబముంది, పనిమనిషి ఇంట్లో పిల్లలున్నారు, దగ్గర్లో హాస్టలు ఉంది. కనుమ దాటకముందే సగం ఇల్లు దాటిస్తే ఆ పిండివంట అందరికీ పండగవుతుంది.

ఇప్పుడు గరిటె పట్టుకున్నవాళ్లతో. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అన్నారు. మనవాడే అయితే మన షుగరు సంగతి, మన గుండె సంగతి కూడా ఆలోచించాలి కదా. మొదటి వడ్డన కొద్దిగా చేయండి. రెండోసారి అడగండి, ఒక్కసారే అడగండి. చాలు అంటే చెయ్యి ఆగాలి. ఆకు మీద అడ్డంగా చెయ్యి పెట్టిన మనిషి వేళ్ల సందుల్లోంచి జారవిడిచే బూరె ప్రేమ కాదు. ‘మా చేతి వంట నచ్చలేదా’, ‘నామీద ఒట్టే’, ‘మీ తమ్ముడింట్లో అయితే తింటావులే’ లాంటి మాటలు దయచేసి వదిలేయండి. ఆ మాట అన్నాక అవతలి మనిషి తినేది మీ మీది భయంతో. రుచితో కాదు.

తినేవాళ్లకు నేను చెప్పేది, ‘వద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. పెట్టినవాళ్లకు అది గుచ్చుకుంటుంది. ‘అత్తయ్యా, ఆ పనసపొట్టు కూర ఎంత బాగుందో, ఎలా చేశారు?’ అని అడగండి. ‘బొబ్బట్లు రెండు కట్టివ్వండి, రేపు పొద్దున తింటాను’ అనండి. ఏ ఇల్లాలూ దానికి నొచ్చుకోదు. షుగరు ఉంటే ఉందని చెప్పడానికి సిగ్గెందుకు? ముందే ఫోను చేసి చెప్పేయండి. మగవాళ్లు దీన్ని ఎక్కువగా దాచిపెడతారు, వియ్యంకుల ముందు మరీను.

పిల్లల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. చాలన్న పిల్లవాడి నోట్లో తాతమ్మ ఇంకో ముద్ద కుక్కితే, కడుపు చెప్పే మాట కంటే పెద్దవాళ్ల మాటే ముఖ్యమని వాడు నేర్చుకుంటాడు. మూడేళ్ల పిల్లలకు ఎక్కడ ఆపాలో బాగా తెలుసు. ఆ తెలివిని మనమే పోగొడుతున్నాం.

చివరగా వంటింట్లో ఉన్నవాళ్ల గురించి. పండగనాడు తెల్లవారకముందే లేచి, పొయ్యి సెగలో నిలబడి, ఉప్పు చూడటానికి ఒకటి, పాకం చూడటానికి ఒకటి నోట్లో వేసుకుంటూ, అందరికీ వడ్డించి, మూడున్నరకో నాలుగుకో కూర్చునే ఆడవాళ్లు. అప్పటికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది, లేదా ఒళ్లు తెలియని ఆకలి. గిన్నెల్లో మిగిలినది పారేయడానికి చేతులు రావు. రెండు గారెలే కదా అని తినేస్తారు. పిల్లల పళ్లేల్లో వదిలేసినదీ తినేస్తారు. రాత్రికి మళ్లీ మిగిలినవే. నా దగ్గరికి షుగరు పెరిగి వచ్చే నడివయసు గృహిణులు చాలామంది విందు తినలేదు, విందులో మిగిలినది తిన్నారు. వాళ్లకు నేను తగ్గించి తినమని చెప్పలేను. ఇంట్లోవాళ్లకు చెబుతాను. ఈ సంక్రాంతికి వండినావిడను మొదటి బంతిలోనే ఆకు వేసి కూర్చోబెట్టండి. అన్నీ వేడిగా ఉన్నప్పుడే ఆమె తినాలి. వడ్డన కొడుకులు చేయొచ్చు, అల్లుళ్లు చేయొచ్చు. ఆవిడకు ఏది ఇష్టమో అడిగి వడ్డించండి. చాలన్నప్పుడు ఆపండి. మిగిలినవి వెంటనే పొట్లాలు కట్టి పంచేయండి, గిన్నెలు ఆమె చూడకముందే కడిగేయండి.